నాలుగు వేళ్ళ ఎత్తు

మొన్న స్కూటరు బాగుచేయించడానికి గాంధీపురం షెడ్డుకు వెళితే, ఒక కుర్రాడు తన పాత పికప్పు ముందు భాగాన్ని సోకు కోసం ఎత్తించుకుంటున్నాడు. కిరసనాయిలుతో కడిగిన తుప్పు, నల్ల గ్రీజు కలిసిన ఆ వాసన తగలగానే నాకు మా నాయన పికప్పు గుర్తొచ్చింది.

నా చిన్నప్పుడు, అరవనాట అన్నూరు పక్క మా ఊళ్ళో, పురటాసి నెల శనివారాల్లో పెరుమాళ్ళకు తళిగ నైవేద్యం పెట్టి, పులిహోర, మిరియాల వడలు అరిటాకులో కట్టుకొని, మా నాయన తల్లి, అంటే మా అవ్వ, నాయన అరటి లోడ్లు తోలే పికప్పు ముందు సీటులో దర్జాగా కూర్చునేది. నేను వెనక ఖాళీ గోతాల మీద ఎగిరెగిరి పడుతూ, వాగవతల బస్సు లేని ఊళ్ళో ఉన్న ఆమె చెల్లెలింటికి వెళ్ళేదాన్ని. చూపు పోయిన చిన్నవ్వ వామనగుంటల పీటలో చింతగింజలను వేళ్ళతోనే లెక్కపెట్టి అవ్వను ఓడించేది. ఆట ఎప్పుడూ సగంలో ఆపేవాళ్ళు. అలా ఆపితే మళ్ళీ రాక తప్పదని వాళ్ళ నమ్మకం.

ఆ ఏడు మొదటి శనివారం వాగులో రాళ్ళు బండి అడుగుకు తగిలాయి. అవ్వ ప్రయాణం ఆగకూడదని నాయన ముందు భాగాన్ని జాకీ మీద ఎత్తించి, రెండు వైపులా చక్రాల పైనుండే కమాను కట్టల్లో ఒక్కో ఇనుప పట్టీ ఎక్కువ వేయించాడు. బండి నాలుగు వేళ్ళ ఎత్తు లేచింది. రాళ్ళ సంగతే చూశాడు గాని, అవ్వ మోకాళ్ళ సంగతి మా ఎవరికీ తోచలేదు.

రెండో శనివారం ముక్కాలిపీట వేసినా ఆమె రెండో కాలు లేవలేదు. నాయన ఎత్తబోతే తోసేసింది.

"వద్దురా. నన్ను నలుగురెత్తేది ఒగ తూరే. అది ముందే చేయొద్దు."

"ఈ అరటి లోడు అయిపోనీమ్మా, పట్టీ తీయించేస్తా."

"సరి, లోడు అయినాక అప్పరమే పోదాంలే."

మూడో శనివారమూ లోడే. అవ్వ తళిగ పెట్టి, గడపలో కూర్చొని, చెల్లెలికని కట్టిన ఆకుపొట్లం నాకే ఇచ్చేసింది. ఆ వడలు నేను తిన్నాను. అందుకు ఇప్పటికీ సిగ్గుపడతాను.

నాలుగో శనివారం తెల్లవారుజామునే చిన్నవ్వ పోయిందని కబురొచ్చింది. అవ్వ బండి దగ్గరికి నడిచి చేతులు చాచింది. "ఎత్తండ్రా," అంది. నాయన, మరో ముగ్గురు ఎత్తి కూర్చోబెట్టారు.

అక్కడ మంచం పక్కన పీట, గింజలు ఆపినచోటే ఉన్నాయి. అవ్వ గుంటలు తడిమి చూసి, "ఆట నీదేనే, లేయే," అంది.

మర్నాడే నాయన పట్టీలు తీయించాడు. అవ్వ ఆ బండి మళ్ళీ ఎక్కలేదు. ఇప్పుడు వాగు మీద వంతెన ఉంది, బండి పాత ఇనుముకు పోయింది, వాళ్ళ తెలుగు మా పిల్లలకు రాదు.

ఎంత ఎత్తుతున్నావని షెడ్డులో ఆ కుర్రాణ్ణి అరవంలో అడిగాను. నాలుగు వేళ్ళు చూపించాడు.

"మీ ఇంట్లో ముసలివాళ్ళున్నారా?"

"ఎవరూ లేరక్కా," అన్నాడు నవ్వుతూ.