ఒకే చాప మీద ఇద్దరికి బట్టలు

రాసుకో, ఈ అమ్మమ్మ చెప్పినట్టే. మీ అమ్మ కాలేజీ రోజుల మాట ఇది. ఢిల్లీ ద్వారకలో మా ఫ్లాట్ గృహప్రవేశానికి ఇంకో వారం ఉంది. మా తమ్ముడికి చూపిద్దామని ఒక అమ్మాయి వాళ్ళని కూడా ఆ రోజుకే పిలిచాను. వాడికి నలభై దగ్గర పడుతోంది. సంబంధం అంటే చాలు, మాట మార్చేస్తాడు. ఈసారి ఎలాగైనా ఒప్పించాలని నా పట్టుదల.

ఆ మధ్యాహ్నం నేను బఠానీలు ఒలుస్తుంటే, మీ అమ్మ కంప్యూటర్ ముందు కూర్చుని తను ఇంగ్లీషులో రాసిన కథ నాకు తెలుగులో చెప్పింది. మేమిద్దరం రోజూ చూసే హిందీ సీరియల్లో ఇద్దరు లాయర్లుండేవారు, ప్రాణస్నేహితులు. ఒకడికి జ్వరమొస్తే రెండోవాడు పక్కనే కూర్చుని నుదుటి మీద తడిగుడ్డ వేశాడు. సీరియల్ వాళ్ళు అంతటితో వదిలేసి, మర్నాడే ఆ రెండోవాడికి పెళ్ళిచూపులు పెట్టేశారు. మీ అమ్మ కథ ఆ తడిగుడ్డ దగ్గర మొదలైంది. అందులో వాళ్ళిద్దరూ ప్రేమించుకున్నారు. ఇలా రాసి ఇంటర్నెట్లో పెట్టే ఆడపిల్లలు చాలామందే ఉన్నారట.

"స్నేహితుల్ని పట్టుకుని ఇదేంటే?" అన్నాను.

"నేనేం కలపలేదమ్మా. వాళ్ళు కెమెరా తిప్పేసిన చోట నేను తిప్పలేదు, అంతే."

"చాల్లే సంబడం. తర్వాతేమైందో చెప్పు."

తర్వాత ఒకడు వంట చేస్తూ, రెండోవాడికి పడదని కారం తగ్గిస్తాడు. అది వినగానే నా చేయి ఆగిపోయింది.

మా తమ్ముడూ, ఒక పంజాబీ అబ్బాయీ ఢిల్లీలోనే బేర్ సరాయ్‌లో ఒకే గదిలో ఉండి ఉద్యోగ పరీక్షలకి చదివారు. ఉద్యోగాలొచ్చాయి, ఇళ్ళు మారాయి, ఇద్దరూ మాత్రం కలిసే ఉన్నారు. పచ్చడి పట్టినప్పుడల్లా "అక్కా, వాడికి కారం పడదే" అనేవాడు తమ్ముడు. ఏళ్ళ తరబడి కారం తగ్గించి ఒక చిన్న జాడీ వేరే పెడుతూనే ఉన్నాను. పెడుతూనే వీడికి సంబంధాలు వెతికాను.

నా ఊహ తప్పేమో. అడగడానికి నోరు రాలేదు. అమ్మాయి వాళ్ళకి ఫోన్ చేసి రావద్దని చెప్పి, నాలుగు మాటలు పడ్డాను.

గృహప్రవేశం రోజు బట్టలు పెట్టేటప్పుడు ఆలుమగల్ని జంటగా చాప మీద కూర్చోబెడతాం కదా. తమ్ముడు ఎప్పట్లాగే ఒక్కడే కూర్చున్నాడు. గుమ్మం దగ్గరున్న ఆ పంజాబీ అబ్బాయిని కూడా వచ్చి కూర్చోమని కేకేశాను.

"ఆప్ భీ బైఠియే, భయ్యా."

"మై భీ, దీదీ?"

మీ తాతయ్య నా చెవిలో, "ఫ్రెండుకి కూడానా?" అన్నారు.

"ఆఁ, కూడానే. కాస్త జరగండి."

ఇద్దరికీ బొట్టు పెట్టి, ఒకే పళ్ళెంలో రెండు పంచెలు అందించాను. ఆ అబ్బాయికి మన ఆచారం సంగతి తెలియదు, నవ్వుతున్నాడు. తమ్ముడు తలెత్తలేదు.

కాసేపటికి వంటింట్లోకి వచ్చాడు.

"అక్కా, అమ్మాయి వాళ్ళు రాలేదేం?"

"నేనే వద్దన్నాను."

వాడు గట్టు మీదున్న చిన్న జాడీ మూత తీసి, వేలితో రుచి చూశాడు.

"ఈసారి కారం ఇంకొంచెం తగ్గించాలక్కా," అన్నాడు.