ఎర్రంచు తెల్లచీర

ఆస్ట్రేలియాలో హారిస్ పార్క్‌లో నేను పనిచేసే హోటల్లో మధ్యాహ్నం మూడింటికి పొయ్యిలు ఆర్పేసి, మళ్ళీ అయిదింటికి వెలిగిస్తారు. ఈ మధ్యలో ఖాళీ ఉంది చూశారూ, అది చాలా పొడుగు. వీధి పొడుగునా మిఠాయికొట్లు, చీరలకొట్లు, అన్నీ మన మొహాలే, తెలిసిన మొహం మాత్రం ఒక్కటుండదు. పెనం దగ్గరున్నంతసేపూ పక్కనున్న ఎవణ్ణో ఒకణ్ణి ఆటపట్టిస్తూనే ఉంటాను. పొయ్యి ఆరితే నా నోరూ ఆరిపోతుంది. అందుకని ఆ టైముకి మా అక్కకి ఫోన్ చేసేవాణ్ణి. మా ఊళ్ళో అప్పటికి పొద్దున్న పదో, పదిన్నరో.

"తిన్నావా?"

"ఆఁ. నువ్వు?"

"ఇంకా లేదు. వండాలి."

"ఏం కూర?"

"బీరకాయ."

బీరకాయ దాటి మా మాటలు ముందుకి వెళ్ళేవి కావు. దొండకాయైనా అంతే.

ఎనిమిదో క్లాసులో బడి ఎగ్గొట్టి టిఫిన్ సెంటర్లో చేరితే, నన్ను చింతబరికెతో బాది, ఆ చేత్తోనే అన్నం కలిపి పెట్టిన మనిషి మా అక్క. బావ పోయిన కబురు వచ్చినప్పుడు నేనిక్కడున్నాను. సెలవూ, టిక్కెట్టూ దొరికి, ఊరు చేరేసరికి పదో రోజు. నేను గుమ్మంలో అడుగుపెట్టేసరికి అక్కని పీట మీద కూర్చోబెట్టి, మొహం నిండా పసుపు రాసి, నుదుటి నిండా కుంకుమ పెడుతున్నారు. ఆఖరుసారి నిండుగా పెట్టడం, ఆనక తీసేయడం మా వైపు పద్ధతి. నేను పెరట్లోకి వెళ్ళిపోయాను. అప్పట్నుంచీ అక్కకి మాటలు తగ్గిపోయాయి. నామీద కోపం కాదు. చెప్పుకోడానికి ఆవిడకేమీ కనపడేది కాదు.

ఒకరోజు బీరకాయ అయిపోయాక, ఫోన్ పెట్టేయకుండా అక్కే అంది, "నిన్న సీరియల్లో ఆ అత్తముండ ఏం చేసిందో తెలుసా? కోడలి ఆటో తాళం తీసుకెళ్ళి బియ్యం డబ్బాలో పారేసింది."

ఆటో తోలుకునే పిల్ల, బంగారం కొట్టువాళ్ళింటికి కోడలైన కథ అది. నేను ఊఁ కొట్టాను.

నేనుండేది ఒక బెంగాలీ ఆంటీ ఇంటి వెనక గదిలో. కలకత్తా పక్క ఊరు ఆవిడది. భర్త లేడు, కొడుకూ కోడలూ రౌస్ హిల్‌లో ఉంటారు, ఆదివారం వస్తారు, రానప్పుడు ఫోన్ చేస్తారు. ఆ మర్నాడే ఆవిడ బియ్యం బస్తా లోపల పెట్టమని పిలిచింది. బస్తా భుజానేసుకుని హాల్లోంచి వెళ్తున్నాను, టీవీలో ఒకావిడ బియ్యం డబ్బాలోకి తాళం జారవిడుస్తోంది. అదే తాళం, అదే డబ్బా, అదే దొంగచూపు. భాష మాత్రం ఒక్క ముక్క అర్థం కాలేదు. బస్తా భుజం మీదే మర్చిపోయి నిలబడ్డాను.

"అది పాతది. గుర్తు చేసుకుంటోంది అత్త," అంది ఆంటీ తన హిందీలో. ఆవిడ హిందీ, నా వంటింటి హిందీ, రెండూ కుంటివే కాబట్టి పక్కపక్కన బాగానే నడుస్తాయి. "ఆటో ఎప్పుడో తగలబెట్టేసింది. కూర్చో, చెప్తాను."

సంగతి ఏంటంటే, ఇవి ముందు కలకత్తాలో తీస్తారట. జనం మెచ్చితే తక్కినవాళ్ళు కథ కొనుక్కుని తమ భాషలో మళ్ళీ తీస్తారు. మనవాళ్ళు చేపల కూర తీసేసి గుత్తివంకాయ పెడతారు, దుర్గాపూజ తీసేసి వరలక్ష్మీవ్రతం పెడతారు, అత్త మాత్రం ఎక్కడైనా అత్తే. కలకత్తాది కొన్ని నెలలు ముందుంటుంది. తర్వాత వీధిలోకి వెళ్ళి చూద్దును కదా, చేపలకొట్టు ఢాకా ఆయన గల్లాపెట్టె మీద ఫోను నిలబెట్టుకుని అదే చూస్తున్నాడు. కోడలు ఏడిస్తే ఆయన కత్తి ఆగిపోతుంది. జుట్టు కత్తిరించే నేపాలీ అమ్మాయీ అదే చూస్తుంది, ఆవిడ దగ్గరికెళ్ళే వాళ్ళకి చెవులెలా మిగిలాయో తెలీదు. పక్కింటి పంజాబీ టాక్సీ ఆయన ఆ కథనే హిందీలో చూసి, మాదే అసలుది అని వాదిస్తాడు. ఇన్నాళ్ళూ ఈ వీధిలో ఎవరితో ఏం మాట్లాడాలో తెలియక, దోసెలు ఎలా ఉన్నాయండీ అని అడిగి చచ్చాను.

ఇక రోజూ మూడున్నరకి ఆంటీ హాల్లో నేల మీద నేను, సోఫాలో ఆవిడ, మధ్యలో మరమరాల గిన్నె. నాలుగున్నరకి అక్కకి ఫోను.

"అక్కా, ఆటో తగలబెడతారు చూస్కో."

"నోర్ముయ్. దాని జోలికెవరు పోతారు?"

కొన్నాళ్ళకి ఆటో కాలిపోయింది. "నీకెలా తెలిసిందిరా?" అంది.

"ఆస్ట్రేలియాలో అన్నీ అయిదు గంటలు ముందే జరుగుతాయి కదే. మీరు పడుకుని లేచేసరికి మేం రేపటిది చూసేసి ఉంటాం."

అక్క నవ్వింది. బావ పోయాక నేను విన్న మొదటి నవ్వు అది. ఫోను చెవికి ఇంకా గట్టిగా నొక్కుకున్నాను. అప్పట్నుంచి మాకు బీరకాయతో పనిలేకపోయింది. కోడలు తిందా, మొగుడు మందలించాడా, అత్త మళ్ళీ ఏం కలిపింది. ఒకరోజు కోడలి మొగుడికి జ్వరమని చెబితే, "మీ హెలెన్స్‌బర్గ్ గుళ్ళో అతని పేరున అర్చన చేయించరా," అంది.

"గోత్రం?"

"మనదే చెప్పు. దేవుడేమైనా కార్డు అడుగుతాడా?"

ఈ సుఖం నా తొందర వల్లే పాడైంది. ఆరోజు ఆంటీ వంటింట్లో వంకాయ ముక్కలు వేయిస్తోంది. నేనొక్కణ్ణే టీవీ ముందున్నాను. తెర మీద పెద్ద చావడి, డప్పులు. ఆడవాళ్ళంతా తెల్లచీరల్లో ఉన్నారు, ఎర్రంచు ఉంది గానీ చీర తెల్లదే. మధ్యలో మన కోడలు, ఆవిడా తెల్లచీరే. చుట్టూ చేరి ఆ పిల్ల నుదుటికి, బుగ్గలకి, మొహమంతా ఎర్రగా పూస్తున్నారు. నోట్లో నాలుకలాడిస్తూ ఊళపెట్టినట్టు ఒకటే అరుపులు. పిల్ల కళ్ళమ్మట నీళ్ళు. మొగుడు ఎక్కడా కనపళ్ళేదు.

నాకు ఊరు, పీట, పసుపు మొహం కనపడ్డాయి. ఆంటీ వచ్చేదాకా కూర్చోలేక లేచి బయటికొచ్చేశాను. ఎవరినీ అడగలేదు. అడగడానికేముంది?

అక్కకి ఫోన్ చేసి, "పోయాడే," అన్నాను.

"ఎవరు?"

"ఆ పిల్ల మొగుడు."

అక్క పొయ్యి కట్టేసిన చప్పుడు వినపడింది. తర్వాత అడిగింది, "పదో రోజు చేసేశారా?"

"ఆఁ."

"నిండా పెట్టారా?"

"పెట్టారు. మొహమంతా."

"సరేలే," అని ఫోన్ పెట్టేసింది.

మర్నాడు ఎత్తలేదు. ఆ మర్నాడూ ఎత్తలేదు. నేను హోటలు వెనక ఖాళీ నూనె డబ్బాల మీద కూర్చుని రింగు వింటూ ఉండేవాణ్ణి. ఆఖరికి మేనకోడలు ఎత్తింది. "అమ్మ టీవీ దగ్గరికే రావట్లేదు మావయ్యా. సీరియల్ టైముకి లైటు తీసేసి పడుకుంటోంది. అన్నం కూడా సరిగ్గా తినట్లేదు. ఏం చెప్పావు నువ్వు?"

ఆ రోజు వెళ్ళి ఆంటీని నిలదీశాను. "పాపం ఆ కుర్రాణ్ణి ఎందుకు చంపారు మీవాళ్ళు?"

"ఎవర్ని?" అంది. చెప్పాను. ఆవిడ నవ్వి నవ్వి, దగ్గొచ్చి, మంచినీళ్ళు తాగి, మళ్ళీ నవ్వింది. దుర్గాపూజ ఆఖరి రోజట అది. అమ్మవారు వెళ్ళిపోయేముందు ముత్తయిదువులు అమ్మవారికి సిందూరం పెట్టి, ఒకళ్ళకొకళ్ళు పూసుకుంటారట. ఎర్రంచు తెల్లచీర ఆ రోజు పుణ్యస్త్రీ కట్టేది. ఆ నాలుక అరుపు శుభానికి. పిల్ల ఏడ్చింది అమ్మవారు వెళ్తోందని.

"మరి మొగుడు?"

"వాడికేం, వంటింట్లో స్వీట్లు తింటున్నాడు."

నవ్వు ఆగాక గిన్నెలో మరమరాలు వేళ్ళతో కదుపుతూ అంది, "మా ఆయన పోయాక నేను ఆ ఆటలోకి వెళ్ళను. పళ్ళెం పట్టుకుని పక్కన నిలబడతాను."

మేనకోడలి ఫోన్ నుంచి అక్కని పట్టుకున్నాను. "బతికే ఉన్నాడే. నేనే తప్పు చూశాను."

"ఎందుకురా నన్నేడిపిస్తావు?"

"ఒట్టు."

"నీ ఒట్టు నాకు తెలీదా? పెరట్లో పాముందని అమ్మ మీద ఒట్టేసి, నన్ను గోడెక్కించి, నా జామకాయలు తినేశావు. ఇప్పుడు నన్ను ఊరుకోబెట్టడానికి చెప్తున్నావు. వద్దురా. నాకు అలవాటే."

జన్మంతా వేళాకోళం ఆడినవాడు నిజం చెబితే ఇలాగే ఉంటుంది కాబోలు. ఇక నా మాట పనికిరాదని, వీడియో కాల్ పెట్టి, ఫోను తీసుకెళ్ళి ఆంటీ చేతిలో పెట్టాను.

ఇద్దరూ ఒకళ్ళనొకళ్ళు చూసుకున్నారు. ఆంటీ నమస్కారం పెట్టింది. అక్క గబగబా కొంగు సర్దుకుంది. ఆంటీ ఆ ఎపిసోడు వెతికి పెట్టి, ఫోను టీవీ వైపు తిప్పి, బెంగాలీలో చెప్పడం మొదలెట్టింది. అక్క తెలుగులో అడగడం మొదలెట్టింది. నేను మధ్యలో హిందీ వేయబోతే ఇద్దరూ చెయ్యి ఊపి ఆగమన్నారు. తెర మీద కోడలి మొహానికి సిందూరం పూస్తున్నారు. ఆంటీ ఆ పిల్లని చూపించి, బొటనవేలితో తన పాపిట మీద గీత గీసుకుని, బాగుంది అన్నట్టు తలూపింది. తర్వాత ఫోను తనవైపు తిప్పుకుని, తన పాపిట చూపించి, లేదని చెయ్యి తిప్పింది.

అక్క చూస్తూ ఉంది. చూసి చూసి తన నుదురు తడుముకుంది. తనూ అలాగే చెయ్యి తిప్పింది.

నేను వెళ్ళి వంటింట్లో టీ పెట్టాను. అటునుంచి అక్క గొంతు, "ఆవిడకి ఎన్నాళ్ళయిందిరా?"

"అడగనా?"

"వద్దులే."

ఆ తర్వాత రోజూ మూడున్నరకి మరమరాల డబ్బాకి నా ఫోను ఆనించి, అక్క మొహం టీవీ వైపు తిప్పి పెట్టేవాళ్ళం. తెలుగుదానికి ఆగే ఓపిక అక్కకి పోయింది, సరాసరి కలకత్తాదే. నాకు కనపడేది ఫోను వీపు. మంచినీళ్ళకి లేస్తే, "అడ్డం తప్పుకోరా," అని అక్క. కథ నేను చెప్పక్కర్లేదు. బీరకాయ సంగతీ ఎవరూ అడగరు.

మొన్నొకరోజు పని తెమలడం ఆలస్యమైంది. చేపలకొట్టు మీదుగా ఇంటికి వస్తుంటే దోమతెర తలుపు బయటికే అక్క నవ్వు వినపడింది. ఫోను ఇంట్లో మర్చిపోయానా అని జేబు తడిమాను. ఫోను జేబులోనే ఉంది, చల్లగా. మేనకోడలు ఆంటీ నంబరు కలిపిందన్నమాట.

లోపలికి వెళ్ళకుండా మెట్టు మీద కూర్చున్నాను. లోపల అక్క ఏదో అంది, ఆంటీ ఏదో అంది, ఇద్దరూ కలిసి అత్తని తిట్టారు. కాసేపటికి అక్క అడిగింది, తెలుగులోనే, "వాడేడీ? రాలేదా? తిన్నాడా లేదా?"

ఆంటీ బెంగాలీలో చాలా పొడుగ్గా జవాబు చెప్పింది. అక్క అంతా అర్థమైనట్టు, "ఆఁ, ఆఁ," అంటోంది.

అయిదు కావస్తోంది. లేచి, ప్యాంటు దులుపుకుని, పొయ్యి వెలిగించడానికి వెళ్ళాను.