జోకర్ లేని ఇల్లు

మా ముత్తాత బొల్లారం కంటోన్మెంటుకు గుర్రాల దాణా సరఫరా చేసిన గుత్తేదారు. మా తాత గౌరవ మేజిస్ట్రేటు. ఆయన ఎదురైతే టాంగావాళ్లు బండి ఆపి కిందికి దిగేవారు. మా నాన్నకు ఏ పదవీ లేదు గానీ, బొల్లారంలో ఆయన ఇంటికి దారి అడగాల్సిన పని ఎవరికీ ఉండేది కాదు.

ఆ ఇంట్లో రెండు కట్టుబాట్లుండేవి. బేరానికి వచ్చినవారితో ముందు ఒక ఆట పేక ఆడాలి, మాటలు ఆ తర్వాతే. ఆ ఆటలో జోకర్ ఉండకూడదు. చేతికొచ్చిన ముక్కలతో గెలవలేనివాడికే జోకర్ కావాలని తాత అనేవారట.

సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలతో ఊరు ఉబ్బిపోతున్న రోజుల్లో ఆ ఇంటిని అమ్మకానికి పెట్టాం. వాటా తేల్చకపోతే కోర్టుకెక్కుతానన్నాడు తమ్ముడు. మేజిస్ట్రేటుగారి మనవలు కోర్టు వరండాలో ఎదురెదురుగా నిలబడడం తలచుకుంటేనే నాకు అన్నం సహించేది కాదు. అప్పటికే ఇద్దరు వచ్చి, వాస్తు అని ఒకరు, శకునం అని ఒకరు జారుకున్నారు. మూడో మనిషి మెట్టుగూడలో కంప్యూటర్ కోర్సులు నేర్పే యువకుడు. తామే ఉండడానికి కొంటున్నారనీ, తల్లి సరేనంటేనే బేరమనీ దళారి చెప్పాడు.

ఆ ఆదివారం మధ్యాహ్నం వాళ్లు వచ్చే వేళకు పేక తీస్తే, వానల చెమ్మకు ముక్కలన్నీ అతుక్కుపోయి ఉన్నాయి. మా అమ్మాయి తన టారో పేక పట్టుకొచ్చింది. ఆఫీసులో స్నేహితురాళ్లకు జోస్యం చెప్పడానికి కొనుక్కున్నది.

"టెన్షన్ పడకండి డాడీ. కత్తులు ఇస్పేటు, గిన్నెలు ఆఠీను, నాణేలు డైమను, కర్రలు కళావరు. జోస్యం బొమ్మలూ గుర్రాలవాళ్లూ తీసేస్తే మామూలు పేకే. ఆ పిడుగు పడి కూలే బురుజు బొమ్మ మాత్రం ఆవిడ కంటపడొద్దు. అన్నిట్లోకీ చెడ్డది అదే."

గేటు చప్పుడైంది. గబగబా ఏరి, తీసేసినవాటిని సొరుగులో పడేశాం.

పెద్దావిడ కుర్చీలో సర్దుకుని కూర్చుంది. "మా మామ మోండా మార్కెట్ నుంచి మీ ఇంటికి కూరగాయలు మోసేటోడు దొరా. గేటు దాటనియ్యకపోతుండిరి. గిప్పుడు నేను కుర్సీల కూసొని పేకాడుతున్న."

"ఊకో అమ్మా," అన్నాడు కొడుకు.

"ఉన్న మాటే గద. జోకర్ ఏది?"

"మా ఇంట్లో జోకర్ ఉండదండీ."

ముగ్గురికీ పదమూడేసి పంచాను. అడుగున పదమూడే మిగలాలి. పద్నాలుగున్నాయి. తీసేయాల్సిన బొమ్మ ఒకటి పేకలోనే ఉండిపోయింది.

అప్పటినుంచి నాకు ఆట కనబడలేదు. ఎవరు చెయ్యి చాపినా వాళ్లు తీసే ముక్కనే చూసేవాణ్ణి. కింద పడ్డ ముక్క నాకు పనికొచ్చేదే అయినా వదిలేసి, కట్టలోంచే తీశాను, అదేదో నా చేతికే రావాలని. రాలేదు.

పెద్దావిడ ఒక ముక్క తీసి ఆగిపోయింది. కళ్లద్దాలు పైకి జరుపుకుంది.

"గిదేందీ? పిడుగు పడి ఇల్లు కాలుతున్నది. మనుషులు తలకిందులుగ పడుతున్నరు."

కొడుకు తొంగిచూశాడు. ఇంక వాళ్లు లేచి వెళ్లిపోతారనుకున్నాను. కోర్టు వరండా కళ్లముందు మెదిలింది.

"జోకర్," అన్నాను.

"లేదంటివి గద దొరా."

"ఒక్కటుంటుంది."

గోడమీది తాత ఫొటోవైపు నేను చూడలేదు. ఆవిడ ఆ ముక్కను గిన్నెల అయిదుకూ ఏడుకూ మధ్య ఇరికించింది. ఒకటి పక్కన బోర్లించి, మిగతా ముక్కలన్నీ బల్లమీద పరిచింది.

"అయితే షో."

తర్వాత కొడుకువైపు తిరిగింది. "గీ ఇల్లు తీస్కో బిడ్డా. పిడుగు పడుడెందుకు, ఎట్లయినా మనం కూలగొట్టి ఫ్లాట్లు కట్టేదే గద."

అతను తల దించుకుని ముక్కలు సర్దసాగాడు. నేను వెన్ను నిటారుగా పెట్టుకుని, టీ తెమ్మని అమ్మాయికి చెప్పాను.

ఆ నెలలోనే ఇల్లు రిజిస్ట్రేషను అయింది. ఆ రోజు పేక ఆడిన టేకు బల్లను, కుర్చీలతో సహా, పాత సామాన్ల కొట్టుకు అమ్మేశాం.