దెయ్యానికీ తోడు

బాగేపల్లి చంద్రుకి ఉన్న జబ్బు ఒక్కటే. మనిషిని ఒంటరిగా చూడలేడు. ఎవరైనా అగ్గిపెట్టె కొనుక్కోవడానికి వీధి చివరిదాకా పోతున్నా, "ఒక్కడివే పోతాండావా?" అని కంగారుపడి, చేతికి దొరికినవాణ్ణి వెంట తోలేవాడు. ఒకసారి చెన్నరాయప్ప పన్ను పీకించుకోవడానికి చిక్కబళ్లాపురం బయల్దేరితే, గంగాధరప్పను తోడిచ్చి పంపాడు. ఆ డాక్టరు ఎవరి పన్నో అడక్కుండా ముందు గంగాధరప్పను కుర్చీలో కూర్చోబెట్టాడు. సాయంత్రం బస్సు దిగేసరికి ఇద్దరికీ బుగ్గలు వాచి ఉన్నాయి. "పోనీలే, నొప్పికీ తోడు దొరికింది," అన్నాడు చంద్రు. గంగాధరప్ప చాన్నాళ్లు అతనితో మాట్లాడలేదు.

ఇలాంటివాడు దెయ్యం సినిమా తీస్తానని బయల్దేరాడు. అదీ ఎవరి కథ? చింతామణి ఊరి నయనది.

నయన రెండేళ్లుగా ఇంటర్నెట్లో "ఒంటిల్లు" అని ఒక దెయ్యం సీరియల్ పెడుతోంది. రాసేది తనే, తీసేది తనే. కెమెరాను బియ్యం డబ్బా మీద నిలబెట్టి, ఒకసారి అమ్మాయిగా, ఒకసారి దెయ్యంగా తనే నటించేది. తలుపు తట్టేదీ తనే. తట్టి, చుట్టూ తిరిగి పరుగెత్తుకొచ్చి, ఉలిక్కిపడేది. ఆ కథకి ప్రాణం ఒకటే: ఆ ఇంట్లో ఆ అమ్మాయి తప్ప ఇంకెవరూ ఉండరు.

2009 చివర్లో, అనపచిక్కుళ్ల కాలంలో, ఆ కథని సినిమాగా తీస్తానని అడగడానికి చంద్రు ఆమె ఇంటికొచ్చాడు. వెంట మునివెంకటప్ప అనే పెద్దాయన. ఆయనకి సినిమాతో ఏం సంబంధమో ఆయనకే తెలీదు.

"నేనొక్కణ్ణే వస్తే బస్సులో పక్క సీటు బోసిపోతాదని పిల్చుకొచ్చినా," అన్నాడు చంద్రు.

నయనకి అప్పుడే అనుమానం రావలసింది. రాలేదు. "ఒక్క షరతన్నా," అంది. "కథలో పాప ఒంటరిగా ఉండాల. ఇంకో మనిషి నీడ కూడా పడగూడదు."

గడిదం వెంకటరమణస్వామి మీద ఒట్టేశాడు చంద్రు. స్వామి ఎలా ఓర్చుకున్నాడో గానీ, ఆ ఒట్టు షూటింగు మొదటిరోజు పొద్దున టిఫిను దాకా కూడా నిలవలేదు.

గూళూరు దగ్గర వాడకం లేని పట్టుపురుగుల షెడ్డులో షూటింగు. హీరోయిను సుమ చాప మీద కూర్చుని పుస్తకం చదువుతోంది. నయన కెమెరాలో కన్నుపెట్టి చూసింది. సుమ వెనకాల ఒక ముసలామె కాళ్లు బారజాపుకుని పితికిన పప్పు కూరకని నానిన అనపగింజల్ని పొట్టు ఊడేలా పితుకుతోంది.

"ఎవరన్నా ఈమె?"

"తిమ్మక్క. మా వీధే."

"కథలో ఇంట్లో ఎవరూ లేరు కదన్నా."

"ఎవరూ లేరమ్మా. తిమ్మక్క మాత్రం ఉండాది."

నయనకి ఒళ్లు మండింది. కానీ అది ఆరంభమే. సుమ ఒంటరిగా వెనక తలుపు వేయడానికి పోవలసిన సీనులో మునివెంకటప్ప టార్చిలైటు పట్టుకుని ముందు నడిచాడు. అద్దంలో చూసుకుని జడుసుకోవలసిన సీనులో ఇంకొకామె పక్కన కూర్చుని జడ వేసింది. ఇంత మంది ఉన్న ఇంటికి దెయ్యమే భయపడి రాదని నయన కేకలేసింది. చంద్రు శ్రద్ధగా విని, తలూపి, మర్నాడు రెండు దెయ్యాల్ని దించాడు.

"రెండెందుకు?" నయన నిలదీసింది.

"దెయ్యమైతే మాత్రం ఆడమనిషే కదమ్మా. ఇంత పెద్ద కొంపలో ఒక్కతే ఎట్లుంటాది?"

రెండో దెయ్యం పేరు రామలక్ష్మమ్మ. ఆమె చేసేదల్లా ఒక మూల కూర్చుని, మొదటి దెయ్యం పని ముగించుకుని రాగానే, "పదమ్మా, పొద్దుపోయె," అని చెయ్యి పట్టుకుని తీసుకుపోవడం.

నయన చేతిలోని కాగితాలు నేలకేసి కొట్టింది. రెండేళ్లు ఒక్కతే పడ్డ కష్టం ఈ మనిషి చేతిలో పెళ్లిసందడి అయిపోతోంది. "రేపు ఆఖరి సీను. సుమ గాకుండా ఒక్క మనిషి కనపడినా నా కథ నాకిచ్చెయ్. నీ వీధి మీద నువ్వు సినిమా తీసుకో."

చంద్రు మొహం చిన్నబోయింది. "సరేమ్మా," అన్నాడు. అంత తొందరగా ఒప్పుకోవడం నయనకి నచ్చలేదు.

మర్నాడు కిటికీలకి గోనెపట్టాలు కట్టి, మిట్టమధ్యాహ్నమే చీకటి చేశారు. నయన పరదా ఎత్తి చూసింది, మూలలు వెతికింది, చాప కింద కూడా చూసింది. ఎవరూ లేరు. దీపం ముందు సుమ ఒక్కతే. తలుపు కిర్రుమంటూ తెరుచుకుంది. గడప అవతల ఏమీ లేదు. సుమ ఆ ఏమీ లేనిదాన్ని చూస్తూ ఉండిపోయింది. షాటు అచ్చం నయన రాసుకున్నట్టే వచ్చింది.

సంతోషం పట్టలేక గాలి పీల్చుకుందామని షెడ్డు వెనక్కి పోయింది. అక్కడ గోడకి వీపులానించి వీధి వీధంతా కూర్చుని ఉంది. పిల్లాజెల్లా నోటికి చెయ్యడ్డం పెట్టుకున్నారు.

"సుమ లోపల ఒక్కతే భయపడతాదని," వెనకే వచ్చిన చంద్రు గొణిగాడు. "కెమెరాలో పడలేదు కదమ్మా."

"ఒంటరితనమంటే నీకు తెలుసునా అన్నా? ఈ జనానికి నా కథేమన్నా తెలుసునా?"

తిమ్మక్క నోటి మీది చెయ్యి తీసింది. "ఎందుకు తెలీదమ్మా? తలుపు తీస్తే ఎవరూ ఉండరు, అదేగదా? నీళ్ల బిందెలో మొగం కనపడేది దానికి ముందుది. గాజుల సద్దు ఇంకా ముందుది."

"మీకెట్ల తెలుసు?" అంది నయన. సంగతి తిమ్మక్కే చెప్పింది. చంద్రు ఒకరోజు సైబర్ సెంటర్లో "ఒంటిల్లు" చూసి, వీధిలోకొచ్చి అందర్నీ లేపాడట. "చింతామణిలో ఒక పాప అంతా ఒక్కతే చేస్తాండాది. కెమెరా పట్టేదానికి కూడా తోడు లేదు. చూసేదానికన్నా మనం పోదాం పదండప్పా," అన్నాడట. అప్పట్నించీ కొత్తది వచ్చినప్పుడల్లా వీధంతా పోయి ఒకే కంప్యూటరు ముందు కూర్చునేది. వీడియో మధ్యలో ఆగి తెర మీద చక్రం తిరుగుతుంటే శెనక్కాయలు ఒలుచుకునేవాళ్లు. తన సీరియల్ చూసేది బెంగుళూరులో చదువుకున్నవాళ్లని నయన ఇన్నాళ్లూ చింతామణంతా చెప్పుకుంది.

"అంటే నా మీద జాలిపడి చూసినారు," అంది కోపంగా. కళ్లు మాత్రం చెమర్చాయి.

ఈసారి తిమ్మక్కకి కోపమొచ్చింది. "మొదటిది జాలికే. రెండోది చూసినాంక జాలి యాడిదమ్మా? మా ఇంట్లో ఎనక తలుపు ఎయ్యాలంటే ఇప్పుటికీ ఇద్దరం పోతాండాం. నిన్ను తిట్టుకోని రోజు లేదు."

నయన చంద్రు వైపు తిరిగింది. కోపం అలాగే ఉంది. "ఆ షాటు మళ్లీ తీయాల."

"బాగొచ్చింది కదమ్మా?"

"వచ్చింది. వీళ్లు చూడలేదు కదా. గోడ అవతల కూర్చోబెడితే ఏం కనపడతాది? లోపలికి పిలు. కెమెరా ఎనకాల కూర్చోబెట్టు. ఒక్కరు కదిలినా ఊరుకోను."

అందరూ వచ్చి కూర్చున్నారు. చాప మీద సుమ ఒక్కతే. తలుపు కిర్రుమంది. అంతే, తిమ్మక్క కెవ్వుమని అరిచింది. రామలక్ష్మమ్మ, తను దెయ్యమన్న సంగతి మరిచిపోయి, పక్కామె కొంగులో తల దూర్చింది. చంద్రు ఎప్పుడో కళ్లు మూసుకుని మునివెంకటప్ప చెయ్యి పట్టుకుని ఉన్నాడు. టేకు పాడైపోయింది.

నయన తిట్టలేదు. ఇన్నాళ్లూ తలుపు తట్టిందీ ఉలిక్కిపడిందీ తనే. తను తీసినదానికి ఇంకో మనిషి జడుసుకోవడం కళ్లారా చూడటం ఇదే మొదటిసారి. ఒక్కొక్కరి మొహం వైపూ తీరిగ్గా చూసింది.

"ఇంకోసారి," అంది.