ముఖీత్ డబ్బాలో రాణి చీమ

"గదంత తర్వాతరా! నిన్న డబ్బ తీసి చూస్త అన్నవు గదా, రాణి చీమ గుడ్లు పెట్టిందా?" అని ముఖీత్‌ను అడిగాను.

"పెట్టింది సార్! పది దాక ఉన్నయ్," అన్నాడు ముఖీత్.

ముఖీత్ గోదావరిఖని బొగ్గుబాయిలో పంపు నడుపుతాడు. నా పాత విద్యార్థి. తొలివాన రోజు కాలనీ రోడ్డు మీద మాకు చెరో చీమ దొరికింది. లావు ఛాతీ, రెక్కలు రాలిన గుర్తులు చూసి రాణులని తేల్చింది నేనే! గాజు గొట్టంలో నీళ్లు, దూది పెట్టడం నేర్పిందీ నేనే!

"మరి మీది సార్?"

"ఏడిదిరా! బెల్లం పెట్టిన. రోజుకు పదిసార్లు లైటేసి చూస్తున్న."

వాడు పకపకా నవ్వాడు. "గట్ల చూస్తె ఎట్ల సార్? పిల్లలు పుట్టేదాక దానికి తిండక్కర లేదు. నేను గొట్టాన్ని బాయి బూట్ల డబ్బల పెట్టి మంచం కిందికి తోసిన, పదిరోజులు ముట్టలే. చీకట్ల పనిచేసేటోళ్లను ఊకె పిలువద్దు సార్!"

పాఠం నాది, గుడ్లు వాడివి! ఉడుక్కుంటూ ఇంటికొచ్చి, వచ్చీ రాగానే మళ్లీ లైటు వేశాను. రాణి బెదిరి గొట్టమంతా పరుగెత్తింది. నా చేతుల్లో ఇది బతకదు. రేపు వాడు డ్యూటీకి దిగకముందే ఫోన్ చేసి, దీన్నీ ఆ మంచం కిందే పెట్టుకోమంటాను.