గొట్టంలో దీపం, గోడ మీద ఫ్యాను

మొన్న మే నెల రెండో శనివారం, మధ్యాహ్నం మూడు గంటల పది నిమిషాలు. అంత కచ్చితంగా ఎందుకు గుర్తుందంటే, సరిగ్గా అప్పుడే నేను ఒక మంచి మిషన్ను చెడ్డదని చెప్పేశాను.

బెజవాడలో మాది సర్వే మిషన్లు బాగుచేసే కొట్టు. కాలవల వాళ్ళు, రోడ్ల వాళ్ళు మూడు కాళ్ళ మీద నిలబెట్టి ఒంటికన్నుతో చూస్తారే, ఆ లెవెల్ మిషన్లు. నేల ఎక్కడ ఎత్తో ఎక్కడ పల్లమో అవి చెప్పాలి. అవి నిజం చెబుతున్నాయో లేదో నేను చెప్పాలి. నాకు అక్షరాలు యాభై దాటాక వచ్చాయి, మా ఆవిడ నేర్పింది. గీత మీద గీత కూర్చుందో లేదో చూడడానికి మాత్రం అక్షరాలు అక్కర్లేదు.

కొట్టు వెనక చీకటి గదిలో సిమెంటు దిమ్మ మీద ఇనప గొట్టం ఒకటి ఉంది. ఒక కొసన అద్దం, రెండో కొసన సన్నటి గీత, ఆ గీత వెనక మూసిన డబ్బాలో బల్బు. వచ్చిన మిషన్ను దానికి ఎదురుగా పెట్టి చూస్తే, మిషన్లో గీత గొట్టంలో గీత మీద కూర్చోవాలి. కూర్చుంటే మంచిది, కూర్చోకపోతే చెడ్డది. విద్య ఇంతే. మిగతాదంతా బల్బుతో కాపురం.

వెలుగు పెరిగితే డబ్బా వేడెక్కుతుంది. ఆ వేడి గొట్టానికి పాకుతుంది, ఇనుము సాగుతుంది, గీత తన చోటు వదిలి పైకి నడుస్తుంది. ఇక్కడ వెంట్రుకవాసి నడిస్తే అక్కడ పొలంలో నీళ్ళు ఎదురు పారాల్సి వస్తుంది. అందుకని పొద్దున కొట్టు తెరవగానే బల్బు వేసి, కట్టేసేదాకా ఆర్పను. ఎంత వెలుగుండాలో రెగ్యులేటర్ మీద సున్నంతో గుర్తు పెట్టాను. కళ్ళకు ఆనకపోతే గదిని ఇంకా చీకటి చేసుకోవాలి గాని దీపం పెంచకూడదు. ఎల్‌ఈడీ పెట్టుకోవచ్చుగా అని సలహా ఇచ్చేవాళ్ళకు కొదవ లేదు. పెట్టి చూశాను. దానికీ వీపు కాలుతుంది.

ఆ రెగ్యులేటర్ బజార్లో ఫ్యాన్లకు అమ్మేదే. నేను బల్బుకు బిగించుకున్నాను. పక్కనే అసలు ఫ్యానుది. రెండూ కవలపిల్లలు.

ఆ రోజు ఉయ్యూరు వైపు నుంచి ఇద్దరు వచ్చారు. ఒకరు సర్వే చేసే అమ్మాయి. పొలాలకు నీళ్ళు పంచే పంటబోదె ఎటు పోవాలో కొలిచి మేకులు పాతింది. రెండో ఆయన రైతు. ఆ మేకుల దారి ఆయన కొత్త గొడ్లపాక మూల మీంచి పోతోంది. మా పొలం వైపు పల్లమే లేదు, మిషనే చెడిపోయిందని ఆయన వాదన. మిషన్ తప్పని తేలితే మేకులన్నీ పీకి మళ్ళీ మొదటినుంచి కొలవాలి. ఈలోపు కాలవకు నీళ్ళు వదిలేస్తారు, తవ్వకం ఈ ఏటికి ఆగిపోతుంది, తిట్లన్నీ ఆ పిల్లకు.

రైతు వస్తూనే బల్బు డబ్బా మీద మోచెయ్యి ఆనించాడు. తీయమన్నాను. స్టూలు మీద కూర్చుని తువ్వాలుతో విసురుకోవడం మొదలుపెట్టాడు. ఆ గదిలో ఫ్యాను ఒకటో నంబరు మీదే తిరగాలి, గాలి పెరిగినా గొట్టం ఒక పక్క చల్లబడుతుంది.

నేను వంగి మిషన్ను దిమ్మ మీద సర్దుతున్నాను. మా ఆవిడ మజ్జిగ తెచ్చింది. ఇంటికొచ్చిన మనిషి ఉక్కకు అల్లాడుతుంటే మా వైపు ఆడవాళ్ళకు కాలూ చెయ్యీ ఆడదు, ముందు ఫ్యాను పెంచాలి. బోర్డు దగ్గరకెళ్ళి తిప్పింది. గాలి పెరగలేదు. ఎండాకాలం ఓల్టేజీ కదా అనుకుని చివరిదాకా తిప్పి వెళ్ళిపోయింది. మూసిన డబ్బాలో దీపం ఎంత పెరిగితే మాత్రం బయటికేం తెలుస్తుంది?

ఓ పావుగంటకు సర్దడం అయ్యాక నేను కన్ను పెట్టాను. గీత ధగధగలాడుతోంది. కిందటి నెలే కంటికి ఆపరేషన్ అయింది, డాక్టరు హస్తవాసి అనుకున్నాను. రెండు గీతల మధ్య చీమ దూరే సందు.

"నీ మిషన్ అబద్ధాలాడుతోందమ్మాయ్."

అమ్మాయి మొహం మాడిపోయింది. ఇంకోసారి చూడమని మెల్లగా అడిగింది. ఆపరేషన్ చేసిన కంటికి రెండోసారి అక్కర్లేదన్నాను. రైతు మాత్రం మజ్జిగ గటగటా తాగి, మేడంగారు మేకులు పీకించే పనిలో ఉంటే మనుషుల్ని నేనే పంపుతానన్నాడు. అంటూ తీరిగ్గా మళ్ళీ ఆ డబ్బా మీదే మోచెయ్యి వేశాడు. వేసి, ఎగిరి లేచాడు.

"ఇదేందండీ అన్నగారూ, పొయ్యి లాగుంది? ఇందాక గోరువెచ్చగానేగా ఉంది."

నేను బోర్డు వైపు చూశాను. పక్కకు ఉండాల్సిన సున్నం గుర్తు కప్పు వైపు చూస్తోంది.

మా ఆవిణ్ణి పిలిచి అడిగాను.

"అన్నయ్యగారు చెమటలు కక్కుతుంటే ఫ్యాను పెంచానండీ. మీ ఫ్యాను కదలకపోతే నేనేం చెయ్యను?"

అది బల్బుదే అన్నాను.

"మరి బల్బుకి ఫ్యాను బిళ్ళ ఎవరు పెట్టమన్నారు మిమ్మల్ని?"

నిజంగా ఫ్యానే పెంచినా కొంప మునిగేదని సణిగాను.

రైతు చెప్పులేసుకున్నాడు. పెద్దమనిషి ఒకసారి చెప్పాక అదే మాటంటూ గుమ్మం దాకా వెళ్ళాడు. ఆ అమ్మాయి అడ్డుపడలేదు, గొంతు కూడా పెంచలేదు.

"వేడిగా ఉందని చెప్పింది మీరే కదండీ బాబాయిగారూ."

ఆయన చెప్పులు విప్పాడు.

దీపం గుర్తుకు తెచ్చాను. కానీ వేడి ఎక్కినంత తొందరగా దిగదు. అందరం ముందు గదిలో కూర్చున్నాం, అక్కడ ఫ్యాను ఐదు మీద పెట్టి మా ఆవిడ కసి తీర్చుకుంది. కాసేపాగి చూస్తే సందు సగమైంది. ఇంకాసేపాగి చూస్తే పూర్తిగా పోయింది. అప్పటికే ఒకసారి నోరు జారాను కదా, ఈసారి రైతునే చూడమన్నాను. ఆయన చాలాసేపు చూశాడు.

"కూర్చుందండీ," అన్నాడు, దూడ తప్పిపోయినవాడిలా.

తర్వాత ఆ పిల్లనే అడిగాడు, పాక ఎంత పోతుందని. రెండు రాటలు లోపలికి జరుపుకుంటే చాలంది. ఆయన సగం పాక అనుకుంటున్నాడట ఇన్నాళ్ళూ. అడగలేదు, ఎవరూ చెప్పలేదు. ఆ అమ్మాయి మిషన్ను పెట్టెలో పెట్టి, అంతవరకూ ముట్టని మజ్జిగ అప్పుడు తీసుకుంది.