గట్టు మీద ముద్ద

పక్షులు దిగే మడుగును కాపాడటానికి, దాన్ని ఆనుకుని ఉన్న మిర్చి చేను ప్రభుత్వం కొనాలనుకుంటోంది. దానికి విలువ కట్టడానికి ఈ రోజు వెళ్లాను. రైతు సుబ్బారావు గారు వద్దన్నా వినకుండా చేలోనే భోజనానికి కూర్చోబెట్టారు. తాను తినబోయే ముందు, అలవాటుగా ఒక ముద్ద తీసి కాకులకని గట్టు మీద పెట్టారు.

కొలతలయ్యేసరికి మూడు దాటింది. తిరిగొచ్చి చూస్తే ముద్ద పెట్టింది పెట్టినట్టే ఉంది. కాకి రాలేదు సరే, ఒక్క చీమ కూడా పట్టలేదు.

"చీమలైనా రాలేదేంటండీ?" అన్నాను.

"ఇక్కడ చీమలెక్కడియ్యి మేడం! వారం వారం మందు కొడతన్నాం గదా, అయ్యి కనపడి ఏళ్లయింది. పురుగూ పుట్రా లేని నేలని రాసుకోండి, రేటు పెరుగుద్ది!" అని నవ్వారాయన.

నా ఫారంలో రోడ్డుకి గడి ఉంది, బోరుకి ఉంది, చీమలకి లేదు. బోరు గడిలో "నీరు పుష్కలం" అని రాసి సంతకం పెట్టి వచ్చేశాను.

పొలాలున్నవాళ్లు మీ గట్ల మీద కూడా ఓ ముద్ద పెట్టి చూసి, చీమలు వచ్చాయో లేదో చెప్పండి. ఇంటికొచ్చిన దగ్గర్నుంచి నాకు ఒకటే ఆలోచన. అన్నం తిని నేను తాగినవీ, ఆ ఇంటిల్లిపాదీ రోజూ తాగుతున్నవీ ఆ చేలోని బోరు నీళ్లే.